మదనపల్లె పాటల టీచరమ్మ

*జాతీయగీతానికి స్వరాలు రాసి పిల్లల నోట పలికించిన ఐరిష్ మహిళ మార్గరెట్ కజిన్స్. ఆమెను మనం ఆ ఒక్క పనికే గుర్తుపెట్టుకున్నాం. ఆవిడ జీవితమంతా కొట్లాడింది మాత్రం ఇంకోదాని కోసం.*

1919 ఫిబ్రవరి 26, బుధవారం. మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో సాయంత్రం పాటల గోష్ఠి. ఎవరికి వచ్చింది వాళ్లు పాడటమే తప్ప పోటీ లేదు, బహుమతి లేదు. ఆ రోజు మాత్రం పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ ముందుకు జరిగారు. ఊళ్లోకి ముందురోజే ఒక పెద్దాయన వచ్చారు మరి. దక్షిణాదిలో ఊరూరా ఉపన్యాసాలిచ్చి అలిసిపోయి, నాలుగు రోజులు చల్లటి చోట ఉందామని కొండల మధ్య ఊరికి చేరిన రవీంద్రనాథ్ ఠాగూర్. అప్పటికి ఆయన ఇంకా 'సర్' ఠాగూరే. జలియన్‌వాలాబాగ్ కాల్పులకు ఇంకా నెలన్నర ఉంది.

పిల్లల పాటలన్నీ విన్నాక, తానూ ఒకటి పాడతానన్నారాయన. మనిషి భారీ, గొంతేమో తేలిక. పాట బెంగాలీ. మొదటి చరణం విన్న ప్రిన్సిపల్ జేమ్స్ కజిన్స్‌కు అదేదో భూగోళం పాఠంలా అనిపించిందట. అన్నీ ప్రాంతాల పేర్లు, కొండల పేర్లు, నదుల పేర్లు. రెండో చరణంలో మతాల పేర్లు. కానీ పల్లవి వచ్చేసరికి చెవులు నిక్కబొడుచుకున్నాయి. రెండోసారి వచ్చేసరికి గొంతులు సవరించుకున్నారు. మళ్లీ పాడమన్నారు, ఇంకోసారి పాడమన్నారు. కాసేపటికి గదంతా ఆయనతో గొంతు కలిపేసింది.

అక్కడున్న వాళ్లలో సంగీతంలో డిగ్రీ ఉన్న మనిషి జేమ్స్ భార్య మార్గరెట్. ఆ రోజుల్లోనే ఆవిడ ఠాగూర్ దగ్గర కూర్చుని పాటను వరసవరసనా విని, పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు రాసుకున్నారు. కాలేజీ పిల్లలకు నేర్పారు. ఠాగూర్ పాటను ఇంగ్లీషులోకి మార్చి, ఫిబ్రవరి 28 తేదీ వేసి కాలేజీకి ఇచ్చారు. మార్చి 2న ఊరు విడిచారు. పాట ఊళ్లోనే ఉండిపోయింది. కాలేజీలో అదే ప్రార్థన గీతమైంది.

పాటల పంచాయితీ నడుస్తున్న రోజుల్లో

వందేమాతరానికి 150 ఏళ్లని 2025 నవంబర్ 7న దేశమంతా ఉత్సవాలు మొదలయ్యాయి. డిసెంబర్‌లో పార్లమెంటు దాని మీద గంటల తరబడి చర్చించింది. ఏ పాట గొప్ప, ఎవరు కత్తిరించారు, ఎవరు కాదన్నారు అంటూ టీవీల్లో, టీకొట్ల దగ్గర ఒకటే వాదన. జనగణమనను జార్జి చక్రవర్తి కోసం రాశారన్న పాత వాట్సాప్ సందేశం ఏటా పంద్రాగస్టుకు తిరిగినట్టే మళ్లీ తిరిగింది. ఈ గొడవలో ఎవరూ గమనించని సంగతి ఒకటుంది. అదే నవంబర్ 7న, 1878లో, ఐర్లండ్‌లోని బాయిల్ అనే చిన్న ఊళ్లో మార్గరెట్ పుట్టారు.

చిత్తూరు జిల్లా వాళ్లం మదనపల్లెను గురించి గొప్పగా చెప్పుకోవాలంటే జాతీయగీతానికి బాణీ కట్టిన ఊరంటాం. 2022లో ఆ ఊరు అన్నమయ్య జిల్లాలోకి వెళ్లాక కూడా ఆ గొప్పను మాత్రం వదులుకోలేదు. నిజానికి బాణీ ఇక్కడ కట్టింది కాదు. పాటా, వరసా రెండూ ఠాగూర్‌వే. 1911 డిసెంబర్ 27నే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు. మార్గరెట్ చేసింది స్వరాలు కాగితం మీద పెట్టడం, పాట రానివాళ్లకు వచ్చేలా చేయడం. సొంతంగా బాణీ కట్టడం కంటే ఇది చిన్న పనేమీ కాదు. ఒక కవి గొంతులో ఉన్నదాన్ని ఏ పల్లెటూరి బడిలోనైనా పాడగలిగేలా మార్చడం టీచరు పని. ఆవిడకు దక్కాల్సిన పేరు అదే. మనమేమో ఆవిడ చేయని పనికి దండ వేసి, చేసిన పనిని మరిచిపోయాం.

> పాట ప్రయాణం
> 
> • 1911 డిసెంబర్ 27: కలకత్తా కాంగ్రెస్ సభలో మొదటిసారి పాడారు.
> • 1919 ఫిబ్రవరి: మదనపల్లెలో స్వరాలు, ఇంగ్లీషు అనువాదం.
> • 1937: దీన్నే జాతీయగీతంగా ఖాయం చేయాలని పత్రికాముఖంగా కోరినవారిలో జేమ్స్ కజిన్స్ ఒకరు. అప్పుడాయన రెండోసారి మదనపల్లె ప్రిన్సిపల్.
> • 1950 జనవరి 24: రాజ్యాంగ సభ జాతీయగీతంగా ప్రకటించింది.
> • మొత్తం చరణాలు 5. జాతీయగీతం మొదటి చరణమే. పాడాల్సిన సమయం సుమారు 52 సెకన్లు.

రాళ్లు విసిరిన చేతులే

మార్గరెట్ పుట్టింటి పేరు గిలెస్పీ. పెద్ద సంసారంలో పెద్ద కూతురు. బాగా చదివి స్కాలర్‌షిప్ తెచ్చుకుని, డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో చేరారు. 1902లో సంగీతంలో పట్టా పుచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఆడపిల్ల సంగీతంలో డిగ్రీ తీసుకోవడమంటే ఐర్లండ్‌లోనూ మాటలు కాదు. మరుసటేడు కవి జేమ్స్ కజిన్స్‌తో పెళ్లయింది. అక్కడితో పియానో ముందు కుదురుగా కూర్చుని ఉంటే ఈ కథ లేదు.

1908లో ఆవిడా, హన్నా షీహీ స్కెఫింగ్టన్ కలిసి ఐరిష్ మహిళలకు ఓటు హక్కు కోసం సంఘం పెట్టారు. 1910లో లండన్ వెళ్లి నిరసనల్లో పాల్గొని, రాళ్లు విసిరి, హాలోవే జైల్లో నెల్లాళ్లు ఉన్నారు. 1913లో డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టి టలమోర్ జైలుకు వెళ్లారు. తమను రాజకీయ ఖైదీలుగా చూడాలని అక్కడ నిరాహారదీక్ష చేశారు. మన వాళ్లింకా మహిళల ఓటు గురించి నోరెత్తని కాలమది.

1915లో భార్యాభర్తలిద్దరూ ఇండియా వచ్చారు. అనీబిసెంట్ నడిపే 'న్యూ ఇండియా' పత్రికలో జేమ్స్‌కు ఉద్యోగం. మరుసటేడు డబ్లిన్‌లో ఈస్టర్ తిరుగుబాటు జరిగితే, దాన్ని మెచ్చుకుంటూ ఆయనొక వ్యాసం రాశారు. తెల్ల ప్రభుత్వం ఊరుకుంటుందా? పత్రికకే ఎసరొచ్చేలా ఉండటంతో బిసెంట్ ఆయన్ను అక్కడి నుంచి తప్పించి, మదనపల్లె కాలేజీకి పంపారు. ఒక రకంగా అది శిక్ష మీద బదిలీ. ఆ బదిలీ లేకపోతే మదనపల్లెకు పాటా లేదు, టీచరమ్మా లేదు.

ఠాగూర్ ఈ మారుమూల కాలేజీకి ఎందుకు వచ్చారన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. మద్రాసు అడయారులో బిసెంట్ బృందం పెట్టిన జాతీయ విశ్వవిద్యాలయానికి ఆయన కులపతి. మదనపల్లె కాలేజీ దాని పరిధిలోది. అంటే సొంత కాలేజీకి వచ్చినట్టే.

వాకిలి దాటించిన పాట

మదనపల్లెలో మార్గరెట్ మొదట చూసింది ఇళ్లలోని ఆడవాళ్లను. అబలా అభివర్ధినీ సమాజం పేరుతో ఊళ్లో స్త్రీలను ఒకచోట చేర్చి, చదువూ పనీ నేర్పే ప్రయత్నం చేశారు. చిన్న ఊళ్లో చిన్న సమాజం. కానీ 1917 మే నెలలో అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టినప్పుడు, దాని వెనక ఈ మదనపల్లె అనుభవం ఉంది. అదే ఏడాది డిసెంబర్ 18న సరోజినీ నాయుడు ముందు నిలవగా మహిళల బృందం ఒకటి మద్రాసులో భారత వ్యవహారాల మంత్రి మాంటేగును కలిసి, మాకూ ఓటు కావాలని అడిగింది. ఆ భేటీ కోసం వెనక ఉండి కాగితాలు నడిపింది మార్గరెటే. 1921లో మద్రాసు రాష్ట్రం ఆడవాళ్లకు ఓటిచ్చింది. ఐర్లండ్‌లో రాళ్లు విసిరి అడిగింది, ఇక్కడ ఉత్తరాలతో వచ్చిందనుకుని ఉంటారు ఆవిడ.

ఈ ఓటు పోరాటానికీ సంగీతానికీ సంబంధమేమిటని అడగొచ్చు. ఆనాటి మన ఇళ్లను గుర్తుచేసుకుంటే సంబంధం తెలుస్తుంది. మంగళహారతులు, లాలిపాటలు, నలుగుపాటలు అన్నీ ఆడవాళ్లవే. కానీ అవి నాలుగు గోడల మధ్యనే ఉండాలి. పదిమందిలో గొంతెత్తితే 'సంసారుల పిల్లకు పాటలేంటి' అనేవాళ్లు. వేదిక మీద పాడటం భోగం వాళ్ల పనని, గొప్పగా పాడిన కళావంతుల కుటుంబాల స్త్రీలను ఒకవైపు వింటూనే మరోవైపు చిన్నచూపు చూసేవాళ్లు. అలాంటి చోట ఆడపిల్ల బడిలో నిలబడి, అందరి ముందూ నోరు తెరిచి పాడటమే ఒక మార్పు. పాడిన గొంతుకు మాట్లాడటం కష్టం కాదు.

1919-20లో మార్గరెట్ మంగళూరులో జాతీయ బాలికల పాఠశాలకు తొలి ప్రధానోపాధ్యాయురాలయ్యారు. పుణెలో కర్వే మొదలుపెట్టిన మహిళా విశ్వవిద్యాలయంలో సభ్యురాలైన తొలి విదేశీయురాలు కూడా ఆవిడే. మద్రాసులో మేజిస్ట్రేటు కుర్చీలో కూర్చున్నారు. దేశంలో ఆ కుర్చీ ఎక్కిన తొలి మహిళ. 1926లో మద్రాసు శాసనమండలి ఎన్నికల్లో నిలబడమని కమలాదేవి చటోపాధ్యాయను ఒప్పించారు. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడారు గానీ, తర్వాత ఈ దేశంలో చేతివృత్తులనూ నాటకాన్నీ సంగీతాన్నీ నిలబెట్టిన వాళ్లలో ముందువరసన నిలిచారు.

1926లోనే కలకత్తాలో ఒక విద్యాశాఖ అధికారి, ఆడపిల్లలకు ఎలాంటి చదువు కావాలో ఆడవాళ్లే ఒక్క గొంతుతో చెప్పాలన్నారు. ఇలాంటి మాటలు అధికారులు అప్పుడూ ఇప్పుడూ చాలానే అంటారు, సభ అయ్యాక మరిచిపోతారు. మార్గరెట్ మరిచిపోలేదు. దేశమంతా ఉత్తరాలు రాశారు, ఊరూరా సభలు పెట్టించారు. 1927 జనవరిలో పుణెలో అఖిల భారత మహిళా సభ జరిగింది. అప్పటికి దాని ఎజెండా రాజకీయం కాదు, చదువు. ఆ సభ కృషితోనే 1932లో ఢిల్లీలో లేడీ ఇర్విన్ కాలేజీ వచ్చింది.

> అదే నెల, అటు విజయనగరంలో
> 
> ఠాగూర్ మదనపల్లె రావడానికి మూడు వారాల ముందు, 1919 ఫిబ్రవరి 5న విజయనగరంలో గాన పాఠశాల మొదలైంది. పూసపాటి విజయరామ గజపతిరాజు పెట్టించారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపల్. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే వయొలిన్ నేర్పారు. తెలుగునేలకు ఆ మొన నుంచి ఈ మొన దాకా ఒకే నెలలో సంగీతం తరగతి గదిలో అడుగుపెట్టింది.

ఐదు గీతలూ, ఒక గమకమూ

స్వరాలు రాయడమంటే ఏమిటో దగ్గరగా చూద్దాం. పాశ్చాత్య సంగీతం ఐదు గీతల మీద చుక్కలు పెట్టి రాస్తారు. చుక్క ఎక్కడుంటే స్వరం అక్కడ. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఖాళీ. మన పాట అలా కాదు, రిషభం నుంచి గాంధారానికి జారుతూ వెళ్తుంది, ఊగుతూ నిలుస్తుంది. ఐదు గీతల మీద ఆ జారుడును పెట్టడం కష్టం. పైగా పాడేది కవి, ఒకసారి పాడినట్టు ఇంకోసారి పాడడు. దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలన్నది రాసేవాళ్ల చెవి తేల్చుకోవాలి.

జనగణమన వరసను గమనిస్తే అది ఎందుకంత తేలిగ్గా నోటికి పడుతుందో తెలుస్తుంది. సరిగ అని మూడు మెట్లెక్కి, గాంధారం మీదే చాలాసేపు నిలబడుతుంది. సంగీతం రాని పిల్లాడు కూడా ఆ మెట్టు మీద స్థిమితంగా నిలుస్తాడు. మధ్యలో పంచమం దాకా వెళ్లి మళ్లీ దిగుతుంది. చివరి జయధ్వానాల దగ్గర మాత్రం పై షడ్జమాన్ని అందుకుంటుంది. అక్కడి నుంచి దిగి, ముగింపులో అందరూ అనుకున్నట్టు షడ్జమం మీద ఆగదు, మధ్యమం మీద నిలిచిపోతుంది. పాట ఇంకా ఉందేమో అనిపించేలా. నిజంగానే ఇంకా నాలుగు చరణాలున్నాయి కదా.

ఈ రెండు సంగీతాల గురించే మార్గరెట్ 1935లో మద్రాసు నుంచి ఒక పుస్తకం తెచ్చారు. తూర్పు వాళ్లూ పడమటి వాళ్లూ ఒకరి సంగీతాన్ని ఒకరు అర్థం చేసుకోవాలన్నది దాని సారం. పియానో నేర్చిన మనిషి మన సంగీతాన్ని వింతగా కాకుండా సాటి విద్యగా చూడటం ఆ కాలానికి అరుదు.

ఆ దశాబ్దంలో మద్రాసులో కూడా గాలి మారింది. 1927 కాంగ్రెస్ మహాసభలతో పాటు జరిగిన సంగీత సభ నుంచి 1928లో మ్యూజిక్ అకాడమీ పుట్టింది. 1932లో మద్రాసు విశ్వవిద్యాలయంలో భారతీయ సంగీత శాఖ వచ్చింది. గురువుగారి వీధి అరుగు మీద ఉన్న విద్య సిలబస్‌లోకి, పరీక్షల్లోకి వచ్చింది. దీనివల్ల పోయిందేమీ లేదా అంటే ఉంది. గురువు పక్కన పదేళ్లు కూర్చుని నేర్చినదీ, మూడేళ్ల డిప్లొమాలో నేర్చినదీ ఒకటి కాదని పెద్ద విద్వాంసులే అంటారు. అయినా గురువు గడప ఎక్కనివ్వని కులాల పిల్లలకు, ఇల్లు దాటనివ్వని ఆడపిల్లలకు ఆ డిప్లొమానే దారి చూపింది.

వేలూరు జైలు నుంచి అడయారు మంచం దాకా

1932 డిసెంబర్‌లో మద్రాసులో ప్రభుత్వ అత్యవసర ఆర్డినెన్సులను ఎదిరిస్తూ బహిరంగ సభలో మాట్లాడినందుకు మార్గరెట్‌ను అరెస్టు చేశారు. ఏడాది శిక్ష. వేలూరు జైలు, చిత్తూరు నుంచి బస్సెక్కితే గంటా గంటన్నర దూరం. అప్పటికి ఆవిడ వయసు యాభై నాలుగు. మూడు దేశాల్లో జైలు చూసిన సంగీతం టీచరు ఇంకెవరైనా ఉన్నారో లేదో మరి. 1933లో బయటికొచ్చారు. అదే ఏడాది జేమ్స్ మళ్లీ మదనపల్లె ప్రిన్సిపల్‌గా చేరారు.

1940ల మధ్యలో పక్షవాతం వచ్చింది. చేతులు పియానో మీదికి వెళ్లలేని స్థితి. ఆస్తిపాస్తులు లేవు. స్వాతంత్ర్యోద్యమానికి చేసిన సేవను గుర్తించి మద్రాసు ప్రభుత్వం, తర్వాత నెహ్రూ ఆర్థికసాయం అందేలా చూశారు. 1950లో దంపతులిద్దరూ కలిసి రాసుకున్న ఆత్మకథ వచ్చింది. మదనపల్లె బుధవారపు సాయంత్రం సంగతి మనకు తెలిసింది ఆ పుస్తకం నుంచే. 1954 మార్చి 11న అడయారులో ఆవిడ కన్నుమూశారు. రెండేళ్లకు, 1956 ఫిబ్రవరిలో జేమ్స్ మదనపల్లెలోనే పోయారు.

> తిరుపతిలో స్వరాలు రాసినాయన
> 
> తిరుమల సంకీర్తన భాండాగారంలోని రాగిరేకుల మీద అన్నమయ్య సంకీర్తనలు దొరికినప్పుడు వాటికి రాగాల పేర్లున్నాయి, వరసలు లేవు. అనంతపురం జిల్లాకు చెందిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మైసూరు మహారాజా కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, 1950లో తిరుపతి వచ్చి ఆ పనికి కూర్చున్నారు. వందకు పైగా కీర్తనలకు వరసలు కట్టి స్వరాలతో సహా అచ్చు వేయించారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. టీటీడీ 1959లో పెట్టిన శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలకు తర్వాతి రోజుల్లో ప్రిన్సిపల్‌గా పనిచేసిన నేదునూరి కృష్ణమూర్తి కూడా అన్నమయ్య పాటలకు ఎన్నో వరసలు కట్టారు.

ప్రేయర్లో మిగిలిన సంగీతం

ఇప్పటి సంగతికొద్దాం. మన సర్కారు హైస్కూళ్లలో పొద్దున్నే ప్రేయర్ అవుతుంది. పీఈటీ సారు 'సావధాన్' అంటారు. గొంతు బాగుందని పేరున్న ఇద్దరమ్మాయిలు ముందుకొచ్చి ఎత్తుకుంటారు. ఏ శ్రుతిలో ఎత్తుకున్నారో వాళ్లకూ తెలియదు. పై శ్రుతిలో మొదలైతే చివరి జయధ్వానాలకు వచ్చేసరికి సగం గొంతులు చీలిపోతాయి, వెనక వరసలో గొంతు మారుతున్న తొమ్మిదో తరగతి మగపిల్లలు నోరు కదిపి ఊరుకుంటారు. ఆ రోజుకు బడిలో సంగీతం అంతే. టైంటేబుల్లో వారానికో పీరియడ్ ఉన్నా పరీక్షలు దగ్గరపడ్డాయంటే లెక్కల సారు తీసుకుంటారు. చాలా బడుల్లో మ్యూజిక్ టీచరనే కొలువే కనిపించదు.

కాగితాల మీద మాత్రం లోటు లేదు. పదో తరగతి దాకా కళలు తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కోసం పనిచేసిన నిపుణుల బృందం చెప్పింది. కళలకూ సైన్సుకూ మధ్య గోడ ఉండకూడదని 2020 జాతీయ విద్యావిధానం అంది. కాగితం మీది మాట పట్టుకుని కొలువులు అడిగే మనిషి కావాలి. మార్గరెట్ చేసింది అదే కదా, ఓ అధికారి మాట పట్టుకుని దేశమంతా ఉత్తరాలు రాసి మహిళా సభను నిలబెట్టడం.

మన ప్రాంతానికి ఇది అసాధ్యమేమీ కాదు. మదనపల్లె పక్కనే రిషివ్యాలీ స్కూల్లో పిల్లల రోజు పాటలతోనే మొదలవుతుంది. ఫీజు కట్టగలిగిన వాళ్ల పిల్లలకు అది దొరుకుతోంది. తిరుపతి సంగీత కళాశాల నుంచి ఏటా గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం నేర్చుకుని పిల్లలు బయటికొస్తున్నారు. వీళ్లలో చాలామందికి పెళ్లి కచేరీలూ, ఇంట్లో ట్యూషన్లూ తప్ప దారి లేదు. ఒకవైపు టీచర్లు లేని బడులు, మరోవైపు బడుల్లేని టీచర్లు. మండలానికొక మ్యూజిక్ టీచరును వేసి, వారంలో రోజుకో బడికి తిప్పినా పని మొదలవుతుంది. జీతానికయ్యే ఖర్చు, ఏటా జయంతులకూ ఫ్లెక్సీలకూ పోసే డబ్బు కంటే ఎక్కువ అవుతుందని నేననుకోను.

కొలువులు వచ్చేదాకా ఆగక్కర్లేని పని కూడా ఒకటుంది. సెల్‌ఫోన్లో తంబురా యాప్ ఉచితంగా దొరుకుతుంది. ప్రేయర్ ముందు ఒకటో శ్రుతో ఒకటిన్నరో పెట్టి, ముందు నిలబడే ఇద్దరమ్మాయిలకు షడ్జమం వినిపిస్తే చాలు. చివరి జయధ్వానాలు వెనక వరస మగపిల్లల గొంతుకూ అందుతాయి.